మా అత్తమ్మా, టీవీలో యమధర్మరాజూ

దీపాలు పెట్టే వేళ యముడి పేరెత్తితే మా ఇంట్లో ఒప్పుకోరు. మీ ఇళ్లల్లోనూ అంతే కదండీ! దక్షిణం వైపు తిరిగి అన్నం తింటుంటే లేచి ఇటు తిరగమంటారు. ఉత్తరం దిక్కు తల పెట్టి పడుకుంటే నిద్రలో ఉన్నా లేపి మరీ తిప్పుతారు. ఎవరన్నా నోరు జారి "చచ్చిపోతున్నానే తల్లీ ఈ ఎండకి" అంటే చాలు, "తథాస్తు దేవతలుంటారు, నోరు మూసుకో" అని గదమాయిస్తారు. అంత భయం భక్తీ ఉన్న ఇంట్లో, యమధర్మరాజు గద పట్టుకుని హాల్లోకొచ్చి కూర్చుంటే మాత్రం కాఫీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరి నవ్వుకుంటాం. నేను చెప్పేది టీవీలో యముడి సంగతి లెండి.

2020లో ఈటీవీలో 'యమలీల - ఆ తరువాత' అని ఒక సీరియల్ మొదలైంది. చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1994లో వచ్చిన 'యమలీల' సినిమాకి అది కొనసాగింపు. ఆ సినిమాలో సూరిగా వేసిన అలీయే ఇరవై ఆరేళ్ల తరువాత మళ్లీ సూరిగా వచ్చాడు. అతని తల్లిగా మంజుభార్గవే మళ్లీ వచ్చింది. యముడు మాత్రం మారాడు. సుమన్ వేశాడు. మొదటి రోజే మా అత్తమ్మ, "ఏందే, అన్నమయ్యలో వెంకటేశ్వరస్వామి ఇక్కడ యముడైండేంది?" అని బుగ్గ నొక్కుకుంది. 1997లో అన్నమయ్య సినిమా చూసి థియేటర్లోనే చెంపలేసుకున్న మనిషి ఆమె. ఆ దేవుడే నెత్తిన కొమ్ములు పెట్టుకుని కనబడేసరికి రెండు మూడు రోజులు సర్దుకోలేకపోయింది.

అసలు మన తెలుగువాళ్లకి యముడంటే ఉన్న చనువు ఇంకెవరికీ ఉండదేమో అనిపిస్తుంది నాకు. ఇంగ్లీషు సినిమాల్లో చావు వస్తుంది చూడండి, నల్ల ముసుగు, ముఖం బదులు పుర్రె, చేతిలో పొడుగాటి కొడవలి. ఒక్క మాటా మాట్లాడదు. అలాంటివాడితో ఏం పోట్లాడతాం? మన యముడు అలా కాదు. మీసాలు, నగలు, పంచె, దున్నపోతు, వెనకాల లెక్కల పుస్తకం పట్టుకున్న గుమాస్తా. అచ్చం మన ఊళ్లో పాత కాలపు మోతుబరిలాగానే ఉంటాడు. కోపం ఎక్కువ, బుర్ర తక్కువ. చిత్రగుప్తుడు లెక్క తప్పితే తిట్టిపోస్తాడు, ఆ చిత్రగుప్తుడు లేకపోతే క్షణం నడవదు. ఇలాంటివాడైతే బతిమాలుకోవచ్చు, బేరమాడవచ్చు, కాస్త బుద్ధి చెప్పి పంపించవచ్చు కూడా.

1960లో 'దేవాంతకుడు' అని వచ్చింది, ఎన్టీ రామారావు హీరో, ఎస్వీ రంగారావు యముడు. అంతకు ముందు 1958లో బెంగాలీలో ఇలాంటి కథతోనే ఒక సినిమా వచ్చిందట. 1977లో 'యమగోల'. అందులో రామారావు యమలోకానికి పోయి అక్కడి యమభటుల చేత యూనియన్ పెట్టించి సమ్మె చేయిస్తాడు. కైకాల సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. మా అత్తమ్మకి అప్పుడు ఇరవై ఏడేళ్లు, చంకలో మా ఆయన. ఏడుస్తుంటే పాలిచ్చుకుంటూ చూసిందట. 1988లో చిరంజీవి 'యముడికి మొగుడు', అందులోనూ వాళ్లిద్దరే యముడూ, చిత్రగుప్తుడూ. 2007లో 'యమదొంగ'కి మోహన్‌బాబు యముడయ్యాడు. ఇంకా చాలా ఉన్నాయి గానీ అన్నీ చెబితే నా పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

ఇన్నిట్లోనూ నాకు ఎప్పటికీ దగ్గరగా అనిపించేది యమలీలే. ఎందుకంటే రామారావూ, చిరంజీవీ యముడి మీదికి వెళ్లారంటే వింతేముంది? వాళ్లు హీరోలు. ఇక్కడ అలీ! అప్పటిదాకా కమెడియన్‌గా నవ్వించినవాడు. సూరి పాత్ర కూడా అంతే, ఏ పనీ లేకుండా అల్లరిచిల్లరగా తిరిగే కుర్రాడు. లోకాన్ని ఉద్ధరించాలన్న ఆలోచన వాడి బుర్రలో ఎక్కడా లేదు. చందమామలో విక్రమార్కుడు పట్టువదలనివాడు. మన సూరి ఏదీ పట్టుకోనివాడు. యమలోకంలో చిత్రగుప్తుడి దగ్గరుండే భవిష్యవాణి గ్రంథం జారి వాళ్ల డాబా మీద పడుతుంది. వాడు ఏ తపస్సూ చెయ్యలేదు, ఎవరినీ అడగలేదు. రేపు ఏం జరుగుతుందో అందులో కనబడుతుంటే, దానితో డబ్బు సంపాదించి అమ్మ పోగొట్టుకున్న ఇల్లు అమ్మకి కొనిపెట్టాలనుకుంటాడు. వాడికి తెలిసిన లోకమంతా అమ్మ ఒక్కతే.

ఆ గ్రంథం వెతుక్కుంటూ యముడు సత్యనారాయణా, చిత్రగుప్తుడు బ్రహ్మానందమూ భూలోకానికి దిగుతారు. ఐస్‌క్రీమ్‌ని 'హిమక్రీములు' అని ఆ యముడు అడిగి అడిగి తినడం చూసి నవ్వనివాళ్లున్నారా! మా పిల్లలు ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు తీసి అదే మాట అంటారు, వాళ్లు పుట్టకముందు సినిమా అయినా సరే. తోటరాముడిగా తనికెళ్ల భరణి ఒకపక్క, ఒక్క పాటకి సూపర్‌స్టార్ కృష్ణ వచ్చి డ్యాన్స్ వెయ్యడం ఇంకోపక్క. దర్శకుడు ఎస్వీ కృష్ణారెడ్డి, పాటలకి బాణీలు కూడా ఆయనే కట్టుకున్నాడు.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా అమ్మతో కోదాడ వెళ్లి చూశాను. ఇంటర్వెల్ దాకా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తరువాత సూరి ఆ గ్రంథంలో తన తల్లి చావు చూస్తాడు. అక్కడినుంచి హాల్లో ఆడవాళ్లంతా ముక్కులు చీదుకోవడమే. అమ్మ పమిట చెంగు నా చేతికిచ్చి "నువ్వూ తుడుచుకో" అంది. రేపు తెలిసిపోవడం ఎంత బాగుంటుందో అనుకుంటూ కూర్చున్న జనానికి, రేపు తెలియడం అంటే ఇదీ అని చూపించాడు డైరెక్టరు. నవ్వులాట సినిమాలో ఆ దెబ్బ ఎవరూ ఊహించలేదు.

సరే, సీరియల్ దగ్గరికి వస్తాను. 2020 అంటే మీకు వేరే చెప్పాలా? మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. బళ్లు లేవు, బస్సులు లేవు, పెళ్లిళ్లు లేవు. వానాకాలం వచ్చేసరికి లాక్‌డౌన్ సడలించారు గానీ, రోగం మాత్రం పట్నాలు దాటి పల్లెల్లోకి వచ్చింది. మా నడిగూడెంలో మా వీధి చివర ఇంట్లో పెద్దాయన పోయాడు. ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు తెల్లటి గౌన్లలాంటివి తొడుక్కున్న నలుగురే ఉన్నారు. మేమందరం కిటికీల్లోంచి చూశాం. డప్పు లేదు, ఏడుపు కూడా సరిగా లేదు. ఊరంతా కదిలే మనిషి అట్లా వెళ్లిపోవడం చూసి మా అత్తమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

అదే వారంలో రాత్రి టీవీ పెడితే యముడు నవ్వుతూ వచ్చాడు. నాకు ఒళ్లు జలదరించి వెంటనే చానల్ మార్చేశాను. "ఎందుకు మార్చినవే?" అంది అత్తమ్మ.

"ఇప్పుడెందుకు అత్తమ్మా ఆ యముడి గోల, పాటలు పెట్టుకుందాం" అన్నాను.

"పెట్టు పెట్టు. వార్తల్లో వాళ్లు ఇంతమంది పోయిర్రు, అంతమంది పోయిర్రు అని అంకెలు చదువుతుంటే గుండె దడదడలాడుతుంది. వీడు కనబడితే కనీసం ముఖమన్నా ఉంది. వీడితోని అయితే మాట్లాడొచ్చు."

ఆమె సరదాకి అన్నదో, ఆలోచించి అన్నదో నాకు తెలియదు. మళ్లీ పెట్టాను. ఆ రోజునుంచి ఆ సీరియల్ మా ఇంట్లో ఒక్క రోజూ తప్పలేదు. కరెంటు పోతే మర్నాడు మా పెద్దాడి ఫోన్లో పెట్టించుకుని చూసేది. బీపీ బిళ్ల వేసుకోవడం మరిచిపోయేది గానీ యముణ్ణి మరిచిపోలేదు. టీవీలో అత్తలంటే విషం కలిపేవాళ్లూ, కోడళ్లంటే కుంకుమ భరిణెలో కుట్రలు దాచేవాళ్లూ అయిన రోజుల్లో, "ఆ ఆడముండలకంటే ఈ యముడే నయం" అనేది. ఆ మాట మాత్రం నేను కూడా ఒప్పుకుంటాను.

మా అత్తమ్మకి చదువు రాదు. మా ఊరు చూస్తే పుస్తకాల రాజుగారి ఊరు! మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి కోట ఇక్కడే ఉంది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ఆయనొకరు. ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారే తరువాత విజ్ఞానచంద్రికా మండలి పుస్తకాలు తెచ్చారు. జాతీయ జెండా గీసిన పింగళి వెంకయ్య గారు కూడా కొన్నాళ్లు ఇక్కడ ఉన్నారు. మాది నైజాము మధ్యలో ఉండి కృష్ణాజిల్లాలో లెక్కకొచ్చిన పరగణా, 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. అందుకే మా మాట అటూ ఇటూ కలిసి ఉంటుంది. ఇంత చరిత్ర కోటగోడ అవతల ఉంటే, ఇవతల మా అత్తమ్మలాంటివాళ్లు నాట్లకు పోతూ, వేలిముద్రలు వేస్తూ బతికారు.

ఒక రోజు సీరియల్ మధ్యలో ప్రకటనలు వస్తుంటే అడిగాను, "అత్తమ్మా, ఆ భవిష్యవాణి గ్రంథం మన డాబా మీద పడితే ఏం చేస్తావు?" అని.

చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే, "నాకు చదువొచ్చా పాడా? పచ్చడి జాడీ మీద బరువుకి పెట్టుకుంటా" అంది.

పిల్లలూ మా ఆయనా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాత్రి గిన్నెలు తోముకుంటుంటే ఆ మాటే తిరుగుతోంది. యమలోకమంతా తలకిందులై, బ్రహ్మదేవుడు కోప్పడి, యముడంతటివాడు సామాన్యుడిలా వీధుల్లో తిరిగింది ఆ పుస్తకం కోసమే కదా. దాన్ని మా అత్తమ్మ ఆవకాయ జాడీ మీద బరువుకి పెట్టేస్తుంది! రేపటి గురించి దానిలో ఏముందో తెలుసుకోవాలన్న దురద ఆమెకి లేదు. ఇంటర్ చదివిన నాకే ఉంది ఆ దురద.

నాకెందుకుందో చెబుతాను. మా అమ్మ 2011లో పోయింది. మాటా పలుకూ లేకుండా, తెల్లవారుజామున, నిద్రలోనే. పుణ్యాత్మురాలు, బాధపడలేదు అన్నారందరూ. నాకు ముందు తెలిస్తే ఏం చేసేదాన్ని? ఆపగలిగేదాన్నా? రెండు రోజులు ముందు వెళ్లి పక్కన కూర్చునేదాన్ని, అంతే. ఆ రెండు రోజుల కోసం ఆ గ్రంథం తెరిచేదాన్ని. ఇదే మాట అత్తమ్మతో అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "తెలిస్తే కూర్చోలేవు బిడ్డా. గడియారం దిక్కే చూస్తుంటవు, మీ అమ్మ దిక్కు చూడవు" అంది. సూరి కూడా సినిమాలో చేసింది అదే కదా అనిపించింది నాకు. గ్రంథం చూశాక అమ్మ నవ్వినా వాడికి ఏడుపే.

ఇక ఆ ఏడాది జరిగిన అసలు సంగతి. మా అత్తమ్మకి ఒక్కడే తమ్ముడు. మా ఆయనకి మేనమామ, నాకు వరుసకి బాబాయి. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాసేవాడు. ఆగస్టులో ఆయనకి కరోనా వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద. మేమెవ్వరం పోలేని పరిస్థితి. ఫోన్లో ఆయన దగ్గు వింటూ అత్తమ్మ గోడకి ఆనుకుని నిలబడేది. దేవుడి దయవల్ల ఇంటికొచ్చాడు. కానీ మనిషి సగమైపోయాడు. అన్నిటికంటే విచిత్రం, నోటికి రుచి పోయింది. ఉప్పూ తెలియదు, కారమూ తెలియదు, ఏది తిన్నా చప్పిడి గడ్డి నమిలినట్టుంది అనేవాడు. తిండి దగ్గర కూర్చోవాలంటేనే విసుగు. వాసన ఎటూ లేదు.

కార్తీక మాసం వచ్చింది. దీపావళి వెళ్లిన రెండో రోజు, విదియ నాడు భగినీ హస్తభోజనం. ఆ ఏడు నవంబరు 16న వచ్చింది. ఆ పండుగ కథ మీకు తెలిసిందే అయినా ఒక్క ముక్క చెప్పుకుందాం, ఎందుకంటే అదీ యముడి కథే. యముడి చెల్లెలు యమున. ఎన్నిసార్లు పిలిచినా అన్నగారికి తీరిక దొరకదు. మరి ఆయన ఉద్యోగం అలాంటిది, సెలవుల్లేవు! చివరికి ఒక విదియ నాడు వచ్చాడు. చెల్లెలు స్వయంగా వండి వడ్డించింది. కడుపారా తిని, ఏం కావాలమ్మా అంటే, ఈ రోజు అక్కచెల్లెళ్ల చేతి అన్నం తిన్నవాళ్లకి నీ భయం లేకుండా చెయ్యన్నయ్యా అని అడిగిందట. సరేనన్నాడు. వరం అడగడానికి కూడా ముందు వడ్డించి అడిగింది చూడండి, ఆడదాని తెలివి!

ఆమాటకొస్తే పాత కథల్లో యముడెప్పుడూ అన్నం దగ్గర మెత్తబడేవాడే. కఠోపనిషత్తులో నచికేతుడు అనే పిల్లవాడు యముడి ఇంటికి పోతే ఆయన ఊళ్లో లేడు. మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలోనే ఉన్నాడా పిల్లవాడు. యముడు వచ్చి సంగతి తెలిసి, అయ్యో, ఇంటికొచ్చిన అతిథిని పస్తు పెట్టానే అని నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. పెద్దలు ఈ కథలో ఆత్మజ్ఞానం చూస్తారు. నాకు మాత్రం, ఇంటికొచ్చినవాళ్లు ఆకలితో ఉంటే మనకెట్లా ఉంటుందో ఆయనకీ అట్లాగే ఉందే అని కనబడుతుంది. హిమక్రీముల కోసం ఎగబడ్డ సినిమా యముణ్ణి వెక్కిరింపు అనుకుంటాం గానీ, ఆ తిండి యావ ఎక్కడినుంచో ఊడిపడింది కాదు.

సరే, విదియకి తమ్ముణ్ణి పిలుస్తానంది అత్తమ్మ. ఇంట్లో పెద్ద రభస. మా ఆయన, "వద్దమ్మా, నీకు డెబ్భై ఏళ్లు, బీపీ ఉంది, మామకి ఇంకా నీరసం తగ్గలేదు, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. బాబాయి ఫోన్లో, "వద్దక్కా, నీ చేతి వంట తిన్నా నాకు తెలవదు, ఎందుకు శ్రమ" అన్నాడు. ఆయన గొంతు వింటే నాకే ఏడుపొచ్చింది. పిలవమని చెప్పలేను, మానమని చెప్పలేను. రెండువైపులా ప్రాణాలే.

అత్తమ్మ ఒక్కటే అంది. "యముడే పని ఆపుకుని చెల్లెలింటికి పోయిండు. వీనికి మిర్యాలగూడ నుంచి నడిగూడెం రానీకి ఏం రోగం?" అని, వెంటనే నాలుక కరుచుకుంది. రోగమే కదా మరి!

చివరికి ఇలా తేల్చుకున్నాం. బాబాయి కొడుకు బండి మీద తీసుకొస్తాడు. ఆయన లోపలికి రాడు, వసారాలో గాలి ఆడే చోట కూర్చుంటాడు. అందరం మూతికి మాస్కులు. అత్తమ్మ గడప లోపల పీట వేసుకుని కూర్చుంటుంది. వడ్డన ఆమెదే, కాకపోతే విస్తరిలో అన్నీ ముందే పెట్టి తెచ్చి, పెట్టి వెనక్కి రావాలి.

ఆ రోజు నాలుగింటికే లేచింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. దోసకాయ పప్పు, చిక్కుడుకాయ వేపుడు, పులిహోర, మినప గారెలు, పరమాన్నం. అవన్నీ అయ్యాక మిరియాల చారు పెట్టింది. అది మీరూ చేస్తారు గానీ ఆమె పద్ధతి వేరు. రెండు చెంచాల మిరియాలు, ఒక చెంచా జీలకర్ర నూనె లేకుండా వేడి చేసి, తొక్క తియ్యని వెల్లుల్లి రెబ్బలు ఆరేడుతో కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచుతుంది. మిక్సీలో వేస్తే ఒప్పుకోదు. చింతపండు పులుసు పలచగా, పసుపు, ఉప్పు వేసి తెర్లాక ఆ దంచింది వేసి ఒక్క పొంగు రానిచ్చి దించేస్తుంది. మరిగితే చేదెక్కుతుందట. నేతి పోపు, కరివేపాకు ఆఖర్న.

బాబాయి వచ్చాడు. చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టుంది ఒంటి మీద. విస్తరి ముందు కూర్చుని అన్నీ కొంచెం కొంచెం తిన్నాడు, మాకోసం తింటున్నాడని తెలుస్తూనే ఉంది. పరమాన్నం నోట్లో పెట్టుకుని "బాగుందక్కా" అన్నాడు.

"అబద్ధమాడకురా, తెలుస్తలేదని నాకు తెల్వదా" అంది అత్తమ్మ.

తరువాత చారు పోసింది. వేడిగా, ఎర్రగా పొగలు కక్కుతోంది. కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. ఆగాడు. ఇంకో ముద్ద. ముక్కు ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అక్కా, ఘాటు తెలుస్తోంది" అన్నాడు.

అత్తమ్మ మాస్కు మీదినుంచే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ మాట్లాడలేదు. చారు గిన్నె మొత్తం ఆయనే ఖాళీ చేశాడు. మిగతావాళ్లకి ఆ రోజు చారు లేదు.

ఆ తరువాత ఆయనకి రుచి నెమ్మదిగా తిరిగొచ్చింది, ముందు పులుపు, చాలా రోజులకి తీపి. మాకెవరికీ ఏమీ కాలేదు. ఇది చారు మహిమ అని నేననను, చాలామందికి కొన్ని నెలలకి అదే తగ్గిందని విన్నాను. అత్తమ్మ మాత్రం యమున మహిమే అంటుంది. ఆ రాత్రి సీరియల్లో యముడు కనబడగానే, "తిన్నవా?" అని అడిగింది టీవీ వైపు చూసి. మా చిన్నాడు చాలా రోజులు ఆ మాట పట్టుకుని ఆటపట్టించాడు.

జబ్బు భయం అంతా తగ్గాక అందరం కలిసి ధర్మపురి వెళ్లొచ్చాం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి. ఆ ఆవరణలోనే యమధర్మరాజుకి గుడి ఉంది. ధర్మపురికి పోయినవాడికి యమపురి ఉండదని మన పెద్దలు అంటుంటారు. కోరలు పెట్టుకుని గంభీరంగా ఉంటాడక్కడ. గండదీపంలో నూనె పోసి జనం గండాలు గడవాలని మొక్కుకుంటారు. బాబాయి నూనె సీసా పట్టుకుని వరసలో నిలబడ్డాడు. అత్తమ్మ విగ్రహం వైపు చాలాసేపు చూసి, నా చెవిలో, "టీవీలో వాడే నయం, వీడు నవ్వడు" అంది. పూజారిగారు విన్నారేమోనని నాకు చెమటలు పట్టాయి.

2022 డిసెంబరు 23న కైకాల సత్యనారాయణ గారు పోయారు. పొద్దున్నే టీవీలో చూపిస్తున్నారు. అత్తమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "యముడు పోయిండా!" అంది. తరువాత, "యముణ్ణి తీసుకపోనీకి ఎవరొచ్చిండో" అని తనలో తనే అనుకుంది. ఆయన యముడి పాత్రల ముక్కలన్నీ వరసగా వేశారు ఆ రోజు. యమగోల వస్తే రామారావు సమ్మె, యమలీల వస్తే హిమక్రీములు. ఒకపక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం కోదాడ హాలు, మా అమ్మ పమిట చెంగు గుర్తొచ్చాయి. ఆ రోజు మధ్యాహ్నం కూర అడుగంటింది, ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు మా అత్తమ్మకి డెబ్భై ఐదు దాటాయి. ఆ సీరియల్ ఎప్పుడో అయిపోయింది. మోకాళ్లు సహకరించక పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. ప్రతి కార్తీక విదియకీ బాబాయి మాత్రం తప్పకుండా వస్తున్నాడు, ఇప్పుడు లోపలే కూర్చుంటాడు. వంట నేను చేస్తాను. కానీ అది అక్క చేతి అన్నం కావాలి కదా, అందుకని ఉప్పు వెయ్యడం మాత్రం ఆమెకే వదిలేస్తాను. కుర్చీ వేయించుకుని కూర్చుని ప్రతి గిన్నెలో తనే వేస్తుంది. చూపు తగ్గింది, వేశానో లేదో అని ఒక్కోసారి చారులో రెండుసార్లు వేసేస్తుంది. బాబాయికి రుచి ఇప్పుడు బ్రహ్మాండంగా తెలుస్తుంది. అయినా పల్లెత్తు మాట అనకుండా గిన్నె ఖాళీ చేస్తాడు.